రివర్స్ బాబాయ్

“రానీ... రానీ... ఇంకొంచెం... చాలు!”

అలవాటు చొప్పున చెయ్యి ఊపేసి, రివర్స్ బాబాయ్ నాలిక్కరుచుకున్నాడు. బెంచీ పక్కకి వెనక్కి జరుగుతున్నది కారు కాదు, పసిపిల్ల పడుకున్న తోపుడుబండి.

“కారు కాదయ్యా, నా మనవరాలు!” బామ్మగారు పడీపడీ నవ్వింది.

ఆ స్థలంలో ముప్పై ఏళ్ళు కార్లు సర్దించిన మనిషి. వెనక చక్రాలు చూసీచూసీ మెడ ఎడమకి ఒరిగిపోయింది. ఊపే కుడిచెయ్యి ఎండకి మాడి, రెండోదానికి అన్నలా ఉంటుంది. నెల క్రితం అక్కడ పార్కింగ్ ఆపించి, బెంచీలు వేసి, ఎలా ఉంటుందో చూద్దామని జనానికి వదిలారు. ఇవాళ ఆఖరిరోజు. ఇసకేస్తే రాలనంత జనం!

“జనం వస్తే చాలదు బాబాయ్,” అంది లెక్కలు రాస్తున్న ఇంజినీరమ్మ. “కార్లలో వస్తే పొగ పక్కవీధికి మారుతుందంతే. ఎలా వచ్చారని ఐదొందల మందిని అడగాలి. యాభైమందికి మించి బండ్ల మీద వచ్చారా, రేపట్నుంచి మళ్ళీ పార్కింగే.”

పార్కింగ్ పోతే బాబాయ్‌కి ఊరవతల నేలమాళిగ పార్కింగ్‌లో డ్యూటీ. అయినా ఆయన బెంచీల పక్షమే. కొరివితో తల గోక్కుంటున్నావని తోటివాళ్ళు తిట్టారు.

“ముప్పై ఏళ్ళు అందరూ నా చెయ్యి చూశారు. ఈ నెలే మొహం చూశారు,” అన్నాడు.

ఆరవుతోంది. బండివాళ్ళు నలభైతొమ్మిది. చారల చొక్కా ఆయన “నడిచే వచ్చాను” అన్నాడు గానీ, పక్కవీధిలో హారన్ మోగినప్పుడల్లా అటే చూస్తున్నాడు. ఆ చూపు బాబాయ్‌కి తెలియనిదా!

“లైట్లు ఆర్పారా బాబూ?”

“అయ్యో, ఆర్పలేదు!” ఆయన పరుగో పరుగు.

“మీ నోరు ఊరుకోదా!” ఇంజినీరమ్మ తల పట్టుకుంది.

“అబద్ధం మీద వేసిన బెంచీ ఎన్నాళ్ళుంటుందమ్మా?” అన్నాడే గానీ, బాబాయ్ ఆమె లెక్కల్లోకి తొంగిచూశాడు. యాభై నిండింది. ఇంకా అడగాల్సినవాళ్ళు పదిమంది. ఒక్క బండి తగిలినా అంతే.

బస్సు. నడక. నడక. బస్సు... తొమ్మిదిమంది గట్టెక్కించారు. పదో మనిషి బామ్మగారు.

“కారులోనే బయల్దేరదామనుకున్నాం...” అని ఆగింది. “అల్లుడు బద్ధకించాడు. నడిచొచ్చేశాం!”

బాబాయ్ ఎగిరి గంతేశాడు. ఈ వయసులో ఇంత సంతోషం ఉంటుందని ఆయనకి తెలియదు. ఇంజినీరమ్మ చేతులు పట్టుకుని ఊపేశాడు.

“మరి నువ్వెలా వచ్చావయ్యా?” బామ్మగారు అడిగింది.

“స్కూటర్ మీద,” బాబాయ్ నీళ్ళు నమిలాడు. అందరూ గొల్లుమన్నారు.

డ్యూటీ అయిపోయింది. వీడ్కోళ్ళేమీ పెట్టుకోకుండా, ఆ గుంపులోనే కలిసి కబుర్లాడుతూ బస్‌స్టాపు వైపు నడిచాడు. ఆ స్థలంలో మిగిలిన ఒక్కగానొక్క బండి, ఆయన పాత స్కూటర్, ముందుచక్రం పక్కకి తిప్పుకుని గోడవార నిలబడి ఉంది.