సక్రి ఘుగ్రీలు తీసిన పూట

మొగుడు తావుర్యా చనిపోయి రెండేళ్ళయినా సక్రి చెంపల పక్కన ఘుగ్రీలు ఊగుతూనే ఉన్నాయి. మొగుడు పోయిన ఆడది జుట్టుకు కట్టిన ఆ వెండి గుత్తులు తీసేయాలని తండా ఆచారం. తండావాళ్ళు తీయడానికి వచ్చిన రోజున సక్రి రెండు చేతులతో వాటిని మూసి పట్టుకుని, "ఎందుకు తియ్యాలె, చెప్పుండ్రి" అంది. ఎవరూ చెప్పలేదు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తిట్టారు, పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. మరిది సోమ్లా తండా పెద్ద కూడాను. ఎదురుపడ్డ ప్రతిసారీ ఆ ఘుగ్రీల వంకే గుడ్లురిమి చూసేవాడు. సక్రి కూడా రెప్ప వేయకుండా వాడి వంకే చూసేది.

అలాంటి మనిషిని కూతురు భాగ్య అండమాన్ తీసుకుపోతానంది. భాగ్య మానుకోట దవాఖానలో నర్సు. కళ్ళకు అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని సముద్రం మీద బోర్లా తేలుతూ కింద చేపలను చూడొచ్చని చెప్పింది. మొగుడు పోయినదానికి నీళ్ళాటలేమిటని తండా ముక్కున వేలేసుకుంది. లోకులు పలుగాకులు, వాళ్ళనేం లెక్కపెట్టాలి! కూతురు తెచ్చిచ్చిన అద్దమూ గొట్టమూ పట్టుకుని సక్రి పట్టపగలే మక్కచేను పక్కనున్న బావిలోకి దిగింది. గొట్టంలోకి నీళ్ళు పోయి ఉక్కిరిబిక్కిరైతే గట్టు మీద జనం నవ్వారు. ఆ నవ్వులు విని మరీ మళ్ళీ మునిగింది.

"యాడీ, ఆడ సొరచేపలుంటయి," అంది భాగ్య తల్లితో, బావి మెట్ల మీద కూర్చుని. "మనుషుల జోలికి శానా తక్కువ వస్తయట. అయినా మన జాగ్రత్తల మనం ఉండాలె. కనబడితె నీళ్ళు కొట్టొద్దు. వీపు తిప్పి ఉరకొద్దు. దాని దిక్కే చూసుకుంట, ఇద్దరం ఇడిపోకుంట, మెల్లగ పడవకాడికి రావాలె."

"గంతేనా?"

భాగ్య తల్లి మొహం చూడలేక నీళ్ళలోకి చూసింది. "మెరిసేటివి ఒంటి మీద ఉండొద్దు యాడీ. వెండి తళుక్కుమంటె చేప పొలుసనుకుంటదట."

సక్రి చెయ్యి దానంతట అదే చెంప దగ్గరికి పోయింది.

అండమాన్‌లో పడవ నడిపేవాడూ అదే మాట హిందీలో అన్నాడు. సక్రి వాణ్ణీ అడిగింది, ఎందుకు తియ్యాలని. వాడు కసురుకోలేదు. చేపకు ఆ మెరుపు ఎలా కనపడుతుందో చేతులు తిప్పుతూ ఓపికగా చెప్పాడు. రెండేళ్ళలో ఆమె ప్రశ్నకు జవాబు చెప్పిన మొదటి మగాడు వాడే. సక్రి తన చేత్తోనే ముడి విప్పింది. తీసేటప్పుడు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఘుగ్రీలను ఒక గుడ్డలో మూట కట్టి పడవలో పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని దిగింది.

కింద చేపలు రంగురంగుల పూసల్లా తిరుగుతున్నాయి. వాటిని చూసి మురిసిపోతుండగా నల్లటి మొన ఉన్న రెక్కతో బూడిదరంగు సొర ఒకటి పక్కగా వచ్చింది. మక్కచేలో అడవిపందులు పడితే డబ్బాలు కొట్టి, కేకలు పెట్టి తరిమిన చేతులు సక్రివి. చెప్పిందంతా మరిచి, కుడిచేత్తో నీళ్ళను ఫెడీమని బాదింది. సొర పోకపోగా ఇటే తిరిగింది. భాగ్య వేళ్ళు ఆమె మణికట్టును బిగించాయి. అప్పుడు గుర్తొచ్చింది. కొట్టొద్దు, ఉరకొద్దు, వీపు తిప్పొద్దు. ఓసి, రెండేళ్ళుగా తండాలో తాను చేస్తున్నది ఇదే కదా! కాళ్ళు మెల్లగా ఆడిస్తూ, దాని గుండ్రటి కంట్లోకి సోమ్లాను చూసినట్టే చూసింది. చూస్తూనే కూతురితో కలిసి పడవ దగ్గరికి జరిగింది. సొర కాసేపు చూసి దాని పని మీద అది పోయింది. సోమ్లాకు ఆపాటి బుద్ధి కూడా లేదు.

పడవెక్కగానే సక్రి నీళ్ళైనా తాగకుండా మూట విప్పి, తడి జుట్టుకే ఘుగ్రీలు కట్టుకుంది.

నీళ్ళలోకి దిగే ముందు బోసి చెంపలతో తీసిన ఆమె ఫొటోను, సొరచేపలుంటాయని ఘుగ్రీలు తీసిందని కింద రాసి, భాగ్య స్టేటస్‌లో పెట్టింది. వాళ్ళు మరిపెడలో బస్సు దిగి తండా చేరేసరికి అది అందరి ఫోన్లలో ఉంది. సోమ్లా వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు.

"ఆఖరికి తీసినవ్ గద వదినె! మేం చెప్తె ఇనలె, చేపకు భయపడి తీసినవ్. మల్ల ఎందుకు పెట్టుకున్నవ్?"

చుట్టూ జనం మూగారు. సక్రి సంచి కింద పెట్టింది.

"అవ్, తీసిన. ఎందుకు తియ్యాలెనో ఆ పడవోడు చెప్పిండు, తీసిన. ఆడ నీళ్ళల్ల సొర ఉంది, గందుకు తీసిన." ఒక అడుగు ముందుకేసింది. "గీడ ఏముందని తియ్యాలె? కరిసేది నువ్వేనా సోమ్లా?"

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు పక్కదానికి అంటుకుంది. సోమ్లా ఘుగ్రీల వంక చూడబోయి, నేల చూశాడు. సక్రి వాడి మీదినుంచి చూపు తిప్పకుండానే సంచి అందుకుంది. వాడు పక్కకు జరిగాక ఇంట్లోకి పోయి పొయ్యి ముట్టించింది.