శ్రద్ధ కొలిచేవాడు

"ఇగ మొదలుపెట్టుండ్రి" అని జయరాజ్ గడియారం మీట నొక్కేసరికి ముప్పై తలలు ఒక్కసారిగా కాగితాల మీదికి వంగాయి.

కాగితం నిండా అక్షరాలే. ‘య’ల మధ్యా ‘ఘ’ల మధ్యా దాక్కున్న ‘మ’లు అరవై ఉంటాయి. మూడు నిమిషాల్లో వాటిని వెతికి కొట్టెయ్యాలి. ఎన్ని దొరికాయో చూస్తే పిల్లల శ్రద్ధ ఎంతో తేలుతుందని ఈ పరిశోధన నడిపే స్నేహలత మేడం చెప్పింది. ఆవిడ మనస్తత్వ శాస్త్రవేత్త, ఉండేది హైదరాబాదులో. బోధన్ చుట్టుపక్కల పద్నాలుగు బడులు తిరిగి, పిల్లల్ని కూర్చోబెట్టి, కాగితాలు పంచి, ఏరి, దిద్ది పంపేది మాత్రం జయరాజే. పిల్లలు ఆయన్ని ‘మ సారు’ అంటారు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. చొక్కాకు మెడ దగ్గరి గుండీ కూడా పెట్టుకుంటాడు. కుడిచేతి మధ్యవేలి మీద కలం ఒత్తి ఒత్తి కాయ కాసింది. అది చెరుకు ఫ్యాక్టరీ నాటిది. కాటా గదిలో ఇరవై రెండేళ్లు కూర్చుని బండ్ల తూకం రాశాడు. బండ్లు రెండేసి రోజులు వరుసలో నిలబడితే చెరుకు ఎండి తేలికయ్యేది. "ఎండినంక తూకమేడుంటది జయరాజన్నా, జర సూడరాదే" అని రైతులు బతిమాలేవారు. "ముల్లు ఎంత సూపెడితే గంతే రాస్త. ఎందుకు తగ్గిందో రాసెటందుకు నా తాన గడి లేదు" అనేవాడు. అబద్ధం కాదు. గడి నిజంగానే లేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నాళ్లు ఖాళీగా తిరిగాడు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుందని చర్చి పాస్టరుగారు ఎవరికో చెప్పి ఈ పని ఇప్పించాడు.

మూడు నిమిషాలు అయిపోయాయి. కాగితాలు ఏరి నంబర్లు సరిచూసుకున్నాడు. ఆరు నెలల కింద ఇదే బడిలో మొదటి విడత పెట్టినప్పుడు ముప్పై ఒక్కమంది. ఇవాళ పదిహేడో నంబరు లేదు.

పదిహేడు అంటే అంకిత. ఆ పిల్ల ఆయనకు గుర్తుంది. మొదలుపెట్టమన్నప్పుడు అందరూ పెన్సిళ్లు కదిలిస్తే, తను మాత్రం తల ఒక పక్కకు వంచి చుట్టూ చూసింది. పక్కపిల్ల కాగితం చూసి గానీ ఏం చెయ్యాలో తెలుసుకోలేకపోయింది. పదకొండు ‘మ’లు దొరికాయి. జయరాజ్ ఆ కాగితం అంచున ‘చెవి చూపించాలి’ అని రాశాడు. కాగితాలు అందగానే మేడం ఫోన్ చేసింది. అంచుల్లో రాతలుంటే ఆ కాగితం పనికిరాదు, కొత్తదాని మీద శుభ్రంగా ఎక్కించి పంపమంది. ఎక్కించాడు. చెవి మాట వదిలేశాడు. తర్వాత బడులకు ఇచ్చే చీటీలు కూడా ఆయనే రాశాడు. అంకిత చీటీ మీద ‘శ్రద్ధ లోపం ఉండే అవకాశం ఉంది’ అని గుండ్రటి అక్షరాలతో రాసి సంతకానికి పంపాడు.

హెడ్మాస్టర్ ఆత్మారాం హాజరు పట్టీ మీద నుంచి తలెత్తలేదు.

"పదిహేడో? పేరు తీసేసిన."

"ఎందుకు సారూ?"

"ఎందుకంటవేంది? చీటీ మీరే ఇస్తిరి గద. శ్రద్ధ లేదట, పిల్లకు సదువు ఎక్కదని వాళ్ల అవ్వకు సదివి చెప్పిన. ఎండకాలం సెలవులైనంక ఇగ తోలియ్యలేదు."

"చదువు ఎక్కదని గా చీటీల లేదు సారూ."

"మరేమున్నది?"

జయరాజ్ కాగితాలు సంచిలో పెట్టుకుని అంకిత ఇల్లెక్కడో అడిగి బయల్దేరాడు. సన్నగా వాన పడుతుంటే గొడుగు విప్పాడు.

రేకుల ఇల్లు. గడప లోపల భూమవ్వ, మనవరాలు ఎదురెదురుగా కూర్చుని ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. భూమవ్వ చేతులు ఆగి ఆగి కదులుతున్నాయి. అంకిత చేతులకు ఆగడమే లేదు. తునికాకు తీయడం, చిటికెడు తంబాకు పరవడం, చుట్టడం, కొస మడవడం, దారం వేయడం. పదకొండేళ్ల పిల్ల కళ్లు ఆకు మీది నుంచి కదల్లేదు. వీధిలో ట్రాక్టరు పోయింది. మేక వచ్చి గడప నాకింది. జయరాజ్ తెలియకుండానే చేతి గడియారం చూసుకున్నాడు. తొమ్మిది నిమిషాలు. ఒక్కసారి కూడా చూపు చెదరలేదు.

కుడిపక్కన కూర్చుని "అంకితా" అన్నాడు. పలకలేదు. లేచి ఎడమపక్కకు వెళ్లి అదే గొంతుతో పిలిచాడు. చటుక్కున తిరిగింది.

"సిన్నప్పటి సంది కుడి సెవు కారుతది సారూ" అంది భూమవ్వ. "సదువుకైతే పనికిరాదంటిరి గద. గీ పనికి మంచిగనే పనికొస్తది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. జయరాజ్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. ఎడమచెవి దగ్గర మెల్లగా, ఒక్కో మాట విడిగా చెప్పాడు. అంకిత తంబాకు అంటిన వేళ్లు గౌనుకు తుడుచుకుని పెన్సిల్ పట్టుకుంది. మూడు నిమిషాలు కాకముందే కాగితం చాపింది. అరవైలో యాభై ఎనిమిది.

బయటికొచ్చి చూరు కింద నిలబడి మేడానికి ఫోన్ చేశాడు.

"మేడం, ఆ పిల్లకు ఇనబడదు. శ్రద్ధ మంచిగున్నది. మనం రాసింది తప్పు."

అవతల కంప్యూటర్ మీటలు టకటకమన్నాయి. "ఇంట్లో పెట్టిన టెస్టు లెక్కలోకి రాదు జయరాజ్ గారూ. బడి మానేసింది కదా, డ్రాపౌట్ అని రాసెయ్యండి."

"చెవి దవాఖానల చూపెడితే..."

"పాపం, నిజమే. కానీ అది మన స్టడీ కాదండీ. మిగతా కాగితాలు శుక్రవారానికి అందాలి."

సంచిలోంచి పట్టీ తీసి పదిహేడో నంబరు ముందున్న ఖాళీ గడి వెతికాడు. అందులో ‘డ్రాపౌట్’ అని రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. వాటిని చూస్తే ఆయనకు అసహ్యం వేసింది.

లోపలికి వెళ్లి భూమవ్వ ముందు గొంతుక్కూర్చున్నాడు. "అవ్వా, సోమవారం పొద్దుగాల వస్త. నిజామాబాద్ పెద్ద దవాఖానకు తీస్కపోయి చెవు చూపిద్దాం. తప్పు నాదే."

భూమవ్వ నమ్మినట్టూ నమ్మనట్టూ తలూపింది. అంకిత ఆయన పెదవులనే చూస్తోంది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రోడ్డుకు ఇరువైపులా ఒకప్పుడు చెరుకు ఉన్న పొలాల్లో ఇప్పుడు సోయా, వరి. ఇరవై రెండేళ్లు ముల్లు చూసి రాశాడు. నాలుగేళ్లు గడియారం చూసి రాశాడు. ఒక్క తప్పు లేదని అందరూ మెచ్చుకున్నారు. ఎడమ జబ్బ లాగుతోంది. సంచి మోసినందుకేమో అనుకున్నాడు. ఇంటికి వెళ్లాక భార్య ఎస్తర్‌తో సోమవారం పొద్దున్నే లేపమని మాత్రం చెప్పాడు.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆశీర్వాదం చెప్తుంటే అందరూ లేచి నిలబడ్డారు. జయరాజ్ లేవలేదు. ప్రార్థనలో ఉన్నాడనుకుని ఎస్తర్ కూడా కదిలించలేదు.

జయరాజ్ పోయిన పది రోజుల్లో మేడం ఆ పనికి ఇంకొకర్ని పెట్టుకుంది. అంకిత వాళ్ల ఊరికి కబురు చెప్పాలని ఎవరికీ తోచలేదు. చెప్పడానికి భూమవ్వ ఎవరో ఎవరికీ తెలియదు.

ఆయన వస్తానన్న సోమవారం అంకిత జడ వేయించుకుని, బడి గౌను తొడుక్కుని మధ్యాహ్నం దాకా గడప మీద కూర్చుంది. మరుసటి సోమవారం కూడా కూర్చుంది. ఆ పై సోమవారం భూమవ్వ ఏమీ అనకుండా చాట తెచ్చి ఒళ్లో పెట్టింది.

ఆ రోజు వాన వెలిసిందని ఆయన మరిచిపోయిన గొడుగు తలుపు వెనక మేకుకు అలాగే వేలాడుతోంది. దాని మడతల్లో తంబాకు పొడి సన్నగా పేరుకుంటోంది.