మురికి మూట

కిటికీ మూసేసిన రోజున మేము పోగొట్టుకున్నది మురికి బట్టలు. మా ఊరు కాని వాళ్ళకి చెబితే పోతే పోయాయిలే అంటారు. అందుకే మొదటినుంచీ చెబుతున్నాను.

మా ఊరి జైలు కొండవాలు మీద ఉంది. గోడ కింద వాగు పారుతుంది. గేటు పక్కన గోడలో ఒక చిన్న కిటికీ ఉండేది. వారానికొకసారి ఆ కిటికీలోంచి మేము ఉతికిన బట్టలు ఇచ్చేవాళ్ళం. లోపలివాళ్ళు విడిచిన బట్టలు మూటగట్టి మాకిచ్చేవాళ్ళు. మనిషిని మాత్రం చూడనిచ్చేవాళ్ళు కాదు. నూలుమిల్లు సమ్మెలో పట్టుకుపోయినవాళ్ళు తమదే తప్పని, ఇక యూనియన్ జోలికి పోమని రాసిచ్చేదాకా ములాఖత్ లేదు, ఉత్తరం లేదు. మా తమ్ముడు మున్‌సిక్ రాసివ్వలేదు. వాణ్ణి పట్టుకుపోయిన దగ్గర్నుంచీ వాడు నాకు ఒక మూటగానే తెలుసు.

మూట ఇంటికి తెచ్చి తలుపేసుకుని విప్పేదాన్ని. మెడపట్టీ జిడ్డుగా నల్లబడి ఉంటే వాడు లేచి తిరుగుతున్నట్టు. చేతి అంచున సోయా పులుసు మరక ఉంటే తింటున్నట్టు. లాగు మోకాళ్ళ దగ్గర లోపల పరిచిన దూది ఉండకట్టి గుడ్డ అరిగిపోతే గంటల తరబడి మోకాళ్ళ మీద కూర్చోబెడుతున్నట్టు. ఒకసారి వీపు మీద రక్తం చారలు చారలుగా ఎండి ఉంది. ఆ వారం బడిలో పిల్లలకి ఏ పాఠం చెప్పానో నాకు గుర్తులేదు.

చలికాలపు చొక్కాని మేము ఊరికే ఉతకం. కుట్లు విప్పి, లోపలి దూది తీసి, గుడ్డని ఉతికి, గంజిపెట్టి, మడిచి, నున్నటి బండ మీద వేసి, ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని గుడ్డ నున్నబడేదాకా కర్రలతో కొడతారు. తర్వాత మళ్ళీ దూది పరిచి కుడతారు. వాడు పంపిన మురికిని నేను ప్రతి వారం అలా చదివి, చదివినదాన్ని నా చేతులతోనే ఉతికేసేదాన్ని. ఎంత శుభ్రంగా ఉతికేదాన్నంటే, అది తలుచుకుంటే ఇప్పుడు నిద్ర పట్టదు.

చలి మొదలైన వారం, ఉతికిన బట్టలు తీసుకున్నారు. పాతవి ఇవ్వలేదు. కిటికీకి చెక్క తలుపు బిగించి, దాని మీద బోర్డు పెట్టారు. పేలవల్ల అంటురోగాలు వ్యాపిస్తున్నందున ఇకపై ఖైదీల బట్టలు జైలు తరఫునే ఉతికిస్తారని, ఆ పని కాంట్రాక్టరుకి అప్పగించారని ఉంది. గేటు దగ్గర కాపలా ఉండే ప్యో అనే జవాను దాన్ని చదివి వినిపించాడు.

వరసలో నా ముందు యోంగ్బే వాళ్ళమ్మ ఉంది. బజారులో చేపముద్దల పులుసు అమ్ముతుంది. ఆమె కొడుకు యోంగ్బే, మా మున్‌సిక్ ఒకే మగ్గాల షెడ్డులో పనిచేశారు, ఒకే లారీలో పట్టుబడ్డారు.

"పేలు మా ఇళ్ళల్లోంచి నీ జైల్లోకొచ్చాయా, నీ జైల్లోంచి మా ఇళ్ళకొచ్చాయా?" అని ఆమె అడిగింది.

"నన్నడిగితే ఏం లాభం పెద్దమ్మా? బోర్డునడుగు," అన్నాడు ప్యో.

"బోర్డే చెప్పగలిగితే నీకు జీతమెందుకురా మరి?"

వరసంతా నవ్వింది. గేటు ముందు మేము నవ్వడం ఆ రోజే ఆఖరు.

కాంట్రాక్టరు పేరు తాక్. జైలుకి బియ్యం, కూరలు, బొగ్గు అంతా అతని చేతి మీదుగానే పోయేది. గేటుకెదురుగా అతనికో కొట్టుంది. ఖైదీలకి ఏం పంపాలన్నా అక్కడే కొనాలి. పంటి పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ కొట్టు ముందు నిలబడి ఉండేవాడు. చేతులు ఎప్పుడూ తెల్లగా ఉండేవి. ఆ రోజు అతను నన్ను పిలిచి, చదువుకున్న మనిషిని కాబట్టి ఆడవాళ్ళకి నచ్చజెప్పమన్నాడు. ఈ చలికాలమంతా మంచు పగలగొట్టి వాగులో చేతులు పెట్టే బాధ తప్పించాడట. నేను నమస్కారం కూడా పెట్టకుండా వచ్చేశాను. నా వరకు అది తిట్టినంత పనే.

యోంగ్బే వాళ్ళమ్మ కొట్టు వెనక గదిలో కూడాం. చేపముద్దల వాసన, బొగ్గు పొయ్యి సెగ, దాని చుట్టూ తల్లులు, పెళ్ళాలు, షిఫ్టు దిగి వచ్చిన మిల్లు ఆడపిల్లలు. వాదన చాలాసేపు నడిచింది. గేటు విరగ్గొడదామన్నారు మిల్లు పిల్లలు. గొడవ చేస్తే లోపలివాళ్ళనే కొడతారన్నారు ముసలివాళ్ళు. కరపత్రాలు అచ్చువేసినందుకు భర్తని పట్టుకుపోగా ఒంటరిగా మిగిలిన బున్యే, నిండు నెలల మనిషి, తనకి గేటూ వద్దు గొడవా వద్దు, ఆయన చొక్కా ఒక్కటి చేతికొస్తే చాలంది. చివరికి అర్జీ పెట్టాలని తేల్చారు. రాయడం నా వంతు. మా వాళ్ళ పాత బట్టలు మాకు చూపించాలన్నది ఒక్కటే అందులో కోరిక. మర్యాదగా రాశాను.

"రాయి టీచరమ్మా, రాయి. నీ అక్షరాలు ముత్యాలు. ముక్కు తుడుచుకోడానికి వాళ్ళకి మంచి కాగితం దొరుకుద్ది," అంది యోంగ్బే వాళ్ళమ్మ. అని, మొదటి వేలిముద్ర తనే వేసింది.

మేము ఆశ్చర్యపోయేలా జవాబొచ్చింది. కుటుంబాల మనోవేదనని గమనించి, దయతో, ఈ ఒక్కసారికి బట్టలు ఇస్తారట. గడ్డకట్టే చలిలో పొద్దుటే వెళ్ళాం. కిటికీ తెరిచి ఉంది. తాక్ స్వయంగా కిటికీ బయట నిలబడి, పేరు పిలిచి ఒక్కొక్కరికీ మూట అందించాడు. ఇంటిదాకా ఆగడం ఎవరివల్లా కాలేదు. అక్కడే మంచులో కూర్చుని విప్పుకున్నాం.

అందరం ముఖాలు బట్టల్లో పెట్టాం.

నా చేతిలో ఉన్నది నేను కుట్టిన చొక్కాయే. రొమ్ము మీద, వీపు మీద పెద్ద పెద్ద మరకలున్నాయి. మెడపట్టీ మాత్రం తెల్లగా ఉంది. చంకలు శుభ్రంగా ఉన్నాయి. మోచేతుల దగ్గర దూది నేనెలా పరిచానో అలాగే ఉంది. వాసన చూశాను. ఎంగిలి కడుగునీళ్ళు. పుల్లబడ్డ కిమ్చి ఊరగాయ రసం, చేప కడిగిన నీళ్ళు, మాడిన అన్నం. అందులో మనిషి లేడు. వంటగది కుడితిలో ముంచి, ఆరబెట్టి, మూటగట్టి, పేరు రాసి మాకిచ్చారు.

నా తరగతిలో పిల్లలు కాకరకాయని చూసి 'అసహ్యం' అంటే నేను దిద్దుతాను. తినే వస్తువుని అలా అనకూడదని, ఆ మాట నిజంగా తగినదానికోసం దాచుకోమని చెబుతాను. నేను కూడా దాచుకున్నాను. ఆ రోజు తాక్ తెల్లటి చేతుల వైపు చూసి మొదటిసారి ఆ మాటని పైకి అన్నాను. గట్టిగా అనలేదు. అతనికి వినబడింది.

"మురికి కావాలన్నారు, ఇచ్చాం," అన్నాడు తాక్. "మళ్ళీ ఇందులో రకాలేంటి మీకు?"

యోంగ్బే వాళ్ళమ్మ తన మూటని అతని కాళ్ళ దగ్గర పెట్టింది. "నా కొడుకు ఒళ్ళు కంపే కొడుద్దయ్యా. చిన్నప్పట్నుంచీ అంతే. కానీ వాడు కిమ్చి రసం కార్చడు."

అప్పుడు బున్యే అడిగింది, నెమ్మదిగా, ఎవరినీ చూడకుండా.

"చలి మొదట్లో మనమిచ్చిన చొక్కాలే ఇవి. వాళ్ళసలు తొడుక్కోనే లేదు. మరైతే వాళ్ళ ఒంటి మీద ఏముంది?"

కిటికీ మూసుకుంది. లోపల్నుంచి గడియ పెట్టిన చప్పుడు అందరం విన్నాం.

మర్నాడు ఎవరు ముందన్నారో నాకు తెలియదు. సభ పెట్టలేదు, తీర్మానం చెయ్యలేదు. ఆడవాళ్ళు ఇళ్ళల్లోని బండలు వీపున కట్టుకుని, కర్రలు చంకన పెట్టుకుని వాగుకి వచ్చారు. జైలు గోడ కింద మంచు పగలగొట్టి ఆ చొక్కాలు విప్పి ఉతికాం. కుడితి నీళ్ళు వాగులో తెల్లగా సాగిపోయాయి. తడి గుడ్డ అక్కడే గడ్డకడుతోంది. దాన్ని మడిచి బండల మీద వేసి, ఎదురెదురుగా కూర్చుని కొట్టడం మొదలుపెట్టాం.

ఆ చప్పుడు తెలిసినవాళ్ళకి తెలుసు. గోడలు దాన్ని ఆపలేవు. మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడూ చలికాలంలో ఆ చప్పుడు వింటూ నిద్రపోయినవాడే. ఏ ఇంటి దరువు ఆ ఇంటిది, రెండిళ్ళది ఒకేలా ఉండదు.

జైలు మైకుల్లో కవాతు పాటలు పెట్టారు. వాటిని ముంచేశాం. పోలీసులు వచ్చి వాగు గట్టున నిలబడ్డారు. మీ పని ఆపమన్నాడు వాళ్ళ అధికారి.

"బట్టలు ఉతుక్కుంటున్నాం బాబూ. ఏ చట్టం కింద నేరం?" అంది యోంగ్బే వాళ్ళమ్మ.

"ఇది ఉతకడం కాదు."

"మరేంటి?" అందామె, కర్ర ఆపకుండానే. "నువ్వే చెప్పు. మీ అమ్మ చేసేదాన్ని ఏమనేవాడివో చెప్పు."

ఈలోగా గోడ అవతల ఏదో మొదలైంది. ముందు ఒక్కటే చప్పుడు, తలుపు మీద చెక్క మూత కొట్టినట్టు. తర్వాత ఇంకొకటి. తర్వాత జైలంతా. మరుగుదొడ్డి బకెట్ల మూతలతో కొడుతున్నారు. యోంగ్బే వాళ్ళమ్మ కర్ర గాల్లో ఆగింది. మగ్గంలా గబగబా పోయే ఒక దరువు విని, "మావాడే," అంది. "గాడిద బతికే ఉన్నాడు." పక్కన బున్యే కడుపు మీద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటోంది. ఆమెకీ తన మనిషి దరువు దొరికింది, మొహం చూస్తేనే తెలిసింది.

అమ్మ మంచానపడ్డాక మా ఇంట్లో నాకెదురుగా బండ దగ్గర కూర్చున్నది మున్‌సిక్. మగపిల్లాడికి ఈ పనేంటని వీధిలో నవ్వేవాళ్ళు. వాడు నా రెండు దెబ్బల మధ్య అదనంగా ఒక చిన్న దెబ్బ వేసేవాడు, నన్ను తికమకపెట్టడానికి. నేను వాగులో ఆ దెబ్బకి చోటు వదిలి కొట్టాను. చాలాసేపు కొట్టాను. ఆ చోటులో ఏదీ పడలేదు.

పోలీసులు దిగి వచ్చి కర్రలు లాక్కున్నారు. యోంగ్బే వాళ్ళమ్మ తన కర్ర వదల్లేదు. ఆమెని కర్రతో సహా లారీ ఎక్కించారు. లారీ మీంచి నన్ను పిలిచింది.

"టీచరమ్మా, నా మురికి మూట నువ్వే తీసుకెళ్ళాలి. నా వాసన నీకు తెలుసుగా. మోసపోవుగా."

మర్నాడు వాగులో అంతకు రెట్టింపు మంది ఉన్నారు. మిల్లు పిల్లలు షిఫ్టు దిగి నేరుగా వచ్చారు. బండ లేనివాళ్ళు వాగు రాళ్ళ మీదే కొట్టారు. ఆ మర్నాడు కూడా. ఎందర్ని ఎక్కించుకుపోయినా చప్పుడు తగ్గలేదు, లోపలా తగ్గలేదు. చివరికి బోర్డు పీకేశారు. కిటికీ తెరిచారు. ఈసారి ప్యో ఇచ్చిన మూటలు నిజమైనవి. చీము, చెమట, పేలు, ఎండిన రక్తం. ఎంత ఉతికినా తెల్లబడని పలచటి ఖైదు గుడ్డలు. చలికాలమంతా వాళ్ళని ఉంచింది వాటిలోనే. ఆ కంపుని గుండెలకి హత్తుకుని ఆడవాళ్ళు ఇళ్ళకి పోవడం నేను చూశాను.

మున్‌సిక్ పేరు పిలవలేదు. నన్ను లోపలికి రమ్మన్నారు.

బొగ్గు పొయ్యి వెచ్చగా మండుతున్న గదిలో ఒక అధికారి నాకు కుర్చీ చూపించాడు. ఊపిరితిత్తుల జబ్బు అన్నాడు. చలి మొదలైన కొద్దిరోజులకే అన్నాడు. ఆరోగ్య నిబంధనల ప్రకారం దహనం తామే పూర్తిచేశామన్నాడు. బూడిద ఉన్న ఒక పెట్టె ఇచ్చాడు. అంటే తాక్ నా చేతికి మూట అందించి మున్‌సిక్ పేరు పిలిచిన రోజుకే మున్‌సిక్ లేడు. లేనివాడి పేరున చొక్కాని కుడితిలో ముంచారు.

వాడు చివర తొడుక్కున్న చొక్కా ఇమ్మన్నాను. పేల భయంవల్ల బట్టలు వేరే ఉంచారని, ఇవ్వడానికి పై అనుమతి లేదని, అయినా అంత మురికి గుడ్డ నాకెందుకని అతను అడిగాడు. అతనిదీ ఈ దేశమే. ఎందుకో అతనికి తెలుసు.

చనిపోయినవాడు తొడిగి విడిచిన చొక్కా పట్టుకుని ఇంటి కప్పు ఎక్కాలి. ఉత్తరం వైపు తిరిగి, దాన్ని ఊపుతూ, పేరు పెట్టి మూడుసార్లు తిరిగి రమ్మని పిలవాలి. తన ఒంటి వాసన పట్టుకునే ప్రాణం ఇంటికొస్తుంది. ఉతికిన చొక్కా పనికిరాదు. మా ఇంట్లో ఉన్నవన్నీ నేను ఉతికి పెట్టినవే.

ఇప్పుడు బట్టల రోజున వరసలో నిలబడే ప్రతి మనిషీ, తన మూట అడిగేముందు, మున్‌సిక్ చొక్కా అడుగుతుంది. అడగమని నేను చెప్పలేదు. బున్యే బిడ్డని వీపున కట్టుకుని వచ్చి అడుగుతుంది. మిల్లు పిల్లలు లోపల తమవాళ్ళెవరూ లేకపోయినా వచ్చి అడిగి వెళ్తారు. ప్యో తలెత్తడు. తాక్ ఇప్పుడు కొట్టు ముందు నిలబడడు. ఆడఖైదీల వైపునుంచి యోంగ్బే వాళ్ళమ్మ మూట నాకు క్రమంగా వస్తోంది. అందులో చేప వాసన ఇంకా పోలేదు. ఉతికి, కొట్టి, కుట్టి పంపుతున్నాను.

మా ఇంటి కప్పుకి నిచ్చెన వేసే ఉంచాను. చొక్కా ఇంకా ఇవ్వలేదు. మున్‌సిక్‌ని ఇంకా పిలవలేదు.