సమ్మమ్మ చేతి చలువ

ఎండాకాలం మొదలైతే మడికొండలోని కొత్త ఇళ్ల కాలనీలో ప్రతి శనివారం సమ్మమ్మకు పని ఉంటుంది. ఆమె అరచేతులు చల్లనివి. నీళ్లబిందెను అరగంట పట్టుకుంటే నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లబడతాయి. రోజుకు ఒక్క పాత్రకే ఆ చలువ సరిపోతుంది. తర్వాత మర్నాడు తెల్లారేదాకా అవి మామూలు చేతులే. అందుకే పిల్లలకు జ్వరమొస్తే వాడకట్టువాళ్లు ఆమె పనికి పోకముందే వస్తారు.

ఆ శనివారం సుకన్య ఇంటికి ఇరవై మంది రావాలి. పొద్దున్నే ఆమె బత్తాయి, యాపిల్, మామిడి ముక్కలు కోసి, నల్లద్రాక్షతో కలిపి పెద్ద స్టీలు గిన్నెలో వేసింది. ఆరు సీసాల రెడ్ వైన్ పోసి, దాల్చినచెక్క వేసి మూతపెట్టింది. మధ్యాహ్నం రెండింటికి సమ్మమ్మ ఆ గిన్నెను రెండు చేతులా పట్టుకొని వంటింట్లో నేలమీద కూర్చుంది.

"ఐస్ వేస్తే అయిపోతది గద మేడం?"

"పల్చబడుతది. పోయినసారి మా ఆడపడుచు తాగి, ఇది వైనా, గ్లాసులు కడిగిన నీళ్లా అన్నది."

సమ్మమ్మ నవ్వింది. "మా ఆయనకైతే మజ్జిగే మత్తు."

రెండున్నరకల్లా గిన్నెకు చెమటలు పట్టాయి. ఆమె చేతులు తీసింది. అప్పుడే ఫోన్ మోగింది. రెండు వీధుల అవతల కడుతున్న ఇంటి మీద ఆమె భర్త సారంగపాణితో కలిసి పనిచేసే రయీస్.

"అక్కా, అన్న పడిపోయిండు. ఒళ్లు కాలిపోతాంది. జల్ది రా."

ఆ రోజు ఎండ నలభై అయిదు డిగ్రీలు. సారంగపాణిని సగం లేచిన గోడ నీడలో పడుకోబెట్టారు. ఒంటి మీద చెమట చుక్క లేదు. ట్యాంకు నీళ్లు ముట్టుకుంటే కాలుతున్నాయి. అంబులెన్సు రావడానికి అరగంట పడుతుందన్నారు.

"మోటర్ బంద్ చెయ్యుండ్రి," అంటున్నాడు సారంగపాణి. అక్కడ మోటరే లేదు.

"చేతులు పెట్టక్కా," అన్నాడు రయీస్.

"పెట్టిన."

ఆమె చేతులు అతని నుదుటి మీదే ఉన్నాయి. తీసి ఒకదానికొకటి రుద్దింది, మళ్లీ పెట్టింది. వెచ్చగానే ఉన్నాయి.

"ఇయ్యాల్టిది అయిపోయింది రయీస్. అంత ఆ గిన్నెలనే పోయింది."

ఆ మాట అంటూనే లేచి పరుగెత్తింది. రయీస్ వెనకాలే పరుగెత్తాడు.

సుకన్య బల్ల మీద గ్లాసులు సర్దుతోంది.

"మేడం, ఆ గిన్నె ఇయ్యుండ్రి. మా ఆయన పోతాండు. నా చలువంత అండ్లనే ఉన్నది."

సుకన్య గిన్నెను చూసింది, గోడ గడియారాన్ని చూసింది. "ఆరింటికి అందరు వస్తరు సమ్మమ్మా," అంది. అనేసి, తనే వచ్చి ఒక చెవి పట్టుకుంది. వాకిట్లో రయీస్ ఒక్క క్షణం ఆగాడు. "యా అల్లా, మాఫ్ చెయ్," అని రెండో చెవి అందుకున్నాడు.

సమ్మమ్మ కొంగు వైన్లో ముంచి భర్త మెడకు, చంకలకు, ఛాతీకి అద్దింది. తర్వాత చెంబుతో పోసింది. ద్రాక్షలు ఇసుకలోకి దొర్లాయి. గిన్నె అడుగు కనిపించింది. సారంగపాణి కదల్లేదు, మాటలు కూడా ఆగిపోయాయి. ఆమె గిన్నెను వంచి చివరి చుక్కలు కూడా అతని గుండె మీద పడేలా పట్టుకుంది.

అంబులెన్సు మనిషి వచ్చి ముక్కు చిట్లించాడు. "ఎంత తాగిండు?"

"తాగలే సార్. నేనే పోసిన."

"ఎవరన్న మీద పోస్తరా?"

"పోస్తరు," అంది సుకన్య. ఆమె చుడీదారంతా ఎర్రటి మరకలు.

అతను జ్వరం చూశాడు. నమ్మక ఇంకోసారి చూశాడు. నూట ఒకటి. సారంగపాణి కళ్లు తెరిచి నీళ్లడిగాడు.

మర్నాడు తెల్లారింది. సమ్మమ్మ చేతుల్లోకి చలువ తిరిగి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పొద్దున్నే అన్నం గిన్నె దించుతూ మొదటిసారి చెయ్యి కాల్చుకుంది. వారం తర్వాత సుకన్య ఫోన్ చేస్తే, "ఇగ ఐసే వేసుకోండ్రి మేడం," అంది.

సారంగపాణి మళ్లీ పనికి పోతున్నాడు. మధ్యాహ్నం తిండి వేళ రయీస్ వేడెక్కిన తన నీళ్లసీసాను అతని వీపుకు ఆనించి పెట్టి, చల్లబడ్డాక తాగుతున్నాడు.