బీడులో ఎర్ర కవర్లు

కృపకు చిన్నప్పటినుంచీ ఒక రోగముంది. ఉన్నచోట ఉండలేదు. చర్చిలో ప్రార్థనకు కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. అన్నం తింటూ మధ్యలో లేచి వాకిట్లోకి తొంగిచూసి వస్తుంది, అక్కడేదో కొంప మునుగుతున్నట్టు. అలాంటి పిల్లకు దేవుడు అప్పజెప్పిన పనేమిటయ్యా అంటే, కదలకుండా మెదలకుండా ఒక గుడ్డుకు కాపలా కాయడం. దేవుడికీ హాస్యమంటే ఇష్టమే కాబోలు.

ఆ ఏడు వేసవిలో అమ్రాబాద్ అడవిలో ఒక సంస్థవాళ్ళు ఊళ్ళ పిల్లలను పిలిచి పిట్టల గురించి, జంతువుల గురించి శిక్షణ ఇచ్చారు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న కృప కూడా వెళ్ళింది. అడుగుజాడలు చూసి ఏ జంతువో చెప్పడం, కూత విని ఏ పిట్టో చెప్పడం నేర్చుకుంది. చివరిరోజున ఒక టోపీ, ఒక పాత దుర్భిణి చేతికిచ్చి, "మీ మండలంలో ఏమున్నాయో చూడండి, చేతనైతే కాపాడండి" అని పంపారు. జీతం గీతం లేదు. అయిజ దగ్గరి వాళ్ళ ఊళ్ళో అందరూ ఆమెను "పిట్టల మేడమ్" అని ఎగతాళి చేసేవాళ్ళు. చేసుకోనీ, నవ్వే నోళ్ళకు మూతలు ఎవడు తెచ్చిపెడతాడు!

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆమెకు అనంతయ్య పటేలు బీడులో బట్టమేక పిట్ట కనిపించింది. పెద్దవాళ్ళ నడుమంత ఎత్తు, తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ పెట్టుకున్నట్టు ఈకలు. దొరసాని లాగా నడుస్తుంది. తుంగభద్ర అవతల కర్నూలు వైపు గడ్డిబీళ్ళలో ఇవి కొన్ని మిగిలాయని శిక్షణలో చెప్పారు. ఇవతలి గట్టున చూశామన్నవాళ్ళు ఈమధ్య లేరు. కృప దుర్భిణి దించకుండా చూస్తూనే ఉంది. ఆ పిట్ట నాలుగు గడ్డిపోచల నడుమ కూర్చుంది. అది మేతకు లేచాక తెలిసింది, కింద గుడ్డుందని. గూడు లేదు, పీచు లేదు, వట్టి నేల మీద ఒకే ఒక్క గుడ్డు. బట్టమేక ఈతకు పెట్టేదే ఒక్కటి.

అదే పరుగున అయిజ వెళ్ళి, ఎస్టీడీ బూత్ నుంచి శిక్షణ ఇచ్చిన వెంకట్రాములు సారుకు ఫోన్ చేసింది.

"దగ్గరికి పోకు. ఎవ్వరికీ చెప్పకు, తెలిస్తే ఉచ్చులేసేటోళ్ళు వస్తరు. దూరంగ కూసోని చూడు, గంతే. ఊరికె కూసునుడు గూడ పనే కృపా" అన్నాడు.

ఊరికే కూర్చోమన్నాడు. అదే కదా ఆమెకు చేతకానిది.

పైగా ఊరికే కూర్చుంటే గుడ్డు మిగిలేలా లేదు. నేల పదునుకు రాగానే ఆ బీడు దున్నించి జొన్న విత్తాలని అనంతయ్య చూస్తున్నాడు. ఇక తప్పక ఆయన ఒక్కడికే చెప్పింది. ఆయన తలపాగా సర్దుకుని ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఏంది పిల్లా, ఒక్క పిట్ట కోసం నేను జొన్న ఇత్తుడు ఆపాల్నా?"

"మొత్తం ఆపొద్దు పటేలా. జర గా మూల ఇడిసిపెట్టు. పిల్ల కాంగనే లేసిపోతది. గిట్లాంటిది మళ్ళ మన దిక్కు రాదు."

ఆయన మంచివాడే, కాకపోతే లెక్క మనిషి. కొంచెం ఆలోచించి అన్నాడు: "నీ గుడ్డు యాడున్నదో నాకు తెల్వదు, ట్రాక్టరు ఈరన్నకు తెల్వదు. ఆడ ఏదన్న గుర్తు పెట్టు. గుర్తున్నకాడికి పోవద్దని వానికి చెప్త. గుర్తు లేదనుకో, పిల్లతోని లేసిపోయిందనుకుంట. సరేనా?"

సరేనంది. కానీ గుర్తు దేనితో పెట్టాలి? రాళ్ళు పేరిస్తే గొర్రెల మందలు తొక్కి పోతాయి. కర్ర పాతితే సాయంత్రానికి ఎవరి పొయ్యిలోనో మండుతుంది. ఇంటికొచ్చి గదిలో ఆ మూలకూ ఈ మూలకూ తిరుగుతుంటే, చిలక్కొయ్యకు వేలాడుతున్న గుడ్డసంచి కనిపించింది. దాని నిండా ఎర్ర కవర్లు.

గద్వాల చుట్టుపక్కల విత్తనాల కోసం సీడు పత్తి వేసే ప్రతి ఇంట్లోనూ ఆ కవర్లుంటాయి. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గల పై రేకులు గిల్లి ఒక్కోదానికి ఒక చిన్న ఎర్ర కవరు తొడుగుతారు. పొద్దున వచ్చి, ఎరుపు కనిపించిన చోటల్లా కవరు తీసి, మగ పువ్వు తెచ్చి రుద్దుతారు. క్రాసింగ్ అంటే అదే. కృప తల్లి జమ్ములమ్మ ఆ పనికి మేస్త్రి. అనంతయ్య పత్తి చేను కూడా ఆమె చేతిలోదే, బీడుకు గట్టు అవతలే ఉంది. ఎరుపైతే ఎంత దూరానికైనా కొట్టొచ్చినట్టు కనబడుతుంది కదా అనుకుంది కృప. తల్లిని అడగకుండానే పిడికెడు కవర్లు తీసుకుని, పిట్ట మేతకు వెళ్ళిన వేళ చూసి, గుడ్డుకు చుట్టూ దూరదూరంగా తంగేడు కొమ్మలకు కట్టి వచ్చింది.

తల్లికి ఎందుకు చెప్పలేదంటారా? సారు వద్దన్నాడు, అదొకటి. అసలు సంగతి వేరే ఉంది. కృప మేనమామలు కౌజు పిట్టలకు ఉచ్చులు వేసేవాళ్ళు. క్రాసింగ్ ఆడవాళ్ళకు గట్టు మీద తీతువు గుడ్లు దొరికితే పిల్లలకని కొంగున కట్టుకుపోతారు. చిన్నప్పుడు కృప కూడా తిన్నది. సొంతవాళ్ళనే ఆమె నమ్మలేకపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈమె ఇంటిని వదిలేసి రచ్చకు బయలుదేరింది.

ఎలాగంటే, తెల్లారేసరికి మళ్ళీ కాలుగాలిన పిల్లయింది. కవర్లు కట్టాను, బాగానే ఉంది, కానీ కుక్కలొస్తే? మందలొస్తే? గద్వాలలో అటవీ ఆఫీసుకు పోయి ఒక కాపలా మనిషిని అడుగుదామని మొదటి బస్సెక్కింది. కిటికీ పక్క సీటు దొరికినా లేచి తలుపు దగ్గర నిలబడింది. "కూసో బిడ్డా, నువ్వు నిలబడితే బస్సు తొందరగ పోతదా?" అని పక్కన ఒక ముసలామె నవ్వింది.

దారిలో ఒకచోట మేకలు అడ్డమొచ్చి బస్సు ఆగింది. రోడ్డు పక్కన సీడు పత్తి చేను. ఆడవాళ్ళు సాళ్ళవెంట వంగి ఎర్ర కవర్లు తీసి ఒడిలో వేసుకుంటున్నారు. కృప ఊరికే చూస్తోంది. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణుంచీ చూసిన పనే, చేసిన పనే. ఒకామె సాలు దాటి గట్టెక్కింది. గాలికి కొట్టుకుపోయి ముళ్ళకంపకు తగులుకున్న ఒక కవరు తెచ్చి ఒడిలో వేసుకుంది. సాయంత్రానికి మళ్ళీ కావాలి కదా. ఎర్రది కనబడితే వదలొద్దని మేస్త్రులు ఎన్నిసార్లు చెప్తారో! తన తల్లి ఎన్నిసార్లు చెప్పిందో!

బీడులో తంగేడు కొమ్మలకు తను కట్టినవీ ఎర్ర కవర్లే.

అరిచి బస్సు దిగేసింది. వెనక్కి వెళ్ళే బస్సు రాలేదు. కొంతదూరం నడిచింది, కొంతదూరం పరుగెత్తింది. వెనకనుంచి కూరగాయల ఆటో ఒకటి వస్తే వంకాయ బుట్టల మధ్య ఇరుక్కుంది. ఆటోవాడు ఎక్కడ దిగాలని అడిగితే "పోనీ అన్నా, పోనీ" అంది తప్ప జవాబు చెప్పలేదు. మొక్కని దేవుడు లేడు. యేసయ్యను పిలిచింది, దారిలో కనిపించిన గట్టు మైసమ్మను కూడా పిలిచింది. ఆపదలో ఎవరు పలికినా సరే.

ఊరి దగ్గర దిగి పొలాలకు అడ్డంపడి పరుగెత్తుతుంటే ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ఇంకా వేగంగా పరుగెత్తింది.

బీడు సగం ఎర్రగా తిరగబడి ఉంది. తంగేడు కొమ్మలకు ఒక్క కవరూ లేదు. కృప ట్రాక్టరుకు ఎదురు వెళ్ళి చేతులు చాచి నిలబడింది. ఈరన్న బ్రేకు తొక్కి బూతు మాట మింగేశాడు. గట్టు మీదున్న అనంతయ్య దిగి వచ్చాడు.

"గుర్తులు లేకుండె పిల్లా! పొద్దుగాల వచ్చి చూసిన. ఒక్కటి లేదు. పిల్లతోని లేసిపోయిందనుకున్న. నువ్వే ఒప్పుకుంటివి గద?"

ఒప్పుకుంది. ఏమంటుంది? చేనులోంచి జమ్ములమ్మ, వెనకాలే ఆడవాళ్ళు వచ్చారు. విషయం విని జమ్ములమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది.

"నేనే తీసిన. తంగేడు చెట్టుకు కవర్లు కట్టిన పిచ్చిది ఎవతె అని అందరం నవ్వుకుంటిమి." ఆమె కృప వైపు తిరిగింది. "నాకొక్క మాట చెప్తే నీదేం పోతుండె? నీ గుడ్డు వండుకొని తింటుంటినా?"

ఆ మాట కృపకు సూటిగా తగిలింది. అవును అనుకున్నావు కదా అని తల్లి కళ్ళు అడుగుతున్నాయి. కృప తల దించుకుంది.

"ఇప్పుడైన చెప్పు, యాడుండె గుడ్డు?" అన్నాడు అనంతయ్య.

కృప బీడంతా కలయజూసింది. సగం దున్నిన నేల, సగం గడ్డి. గుర్తులు పోయాక అంతా ఒక్క తీరుగానే ఉంది. దున్నిన అంచుకు అటో ఇటో ఉండాలి. వెతకడానికి నడిస్తే కాలికిందే పోవచ్చు.

"తెల్వదు పటేలా. పిట్ట వచ్చి కూసుంటెనే తెలుస్తది. మనం కనబడకుండ కూసుంటే వస్తది."

ట్రాక్టరు బాడుగ మాట ఈరన్న ఎత్తబోయాడు. అనంతయ్య చెయ్యెత్తి ఆపాడు. అందరూ గట్టు వెనక కూర్చున్నారు. కవర్లు తీసిన ఆడవాళ్ళు కూడా పనికి పోమన్నా పోలేదు. ఎండ ముదురుతోంది. కృప దుర్భిణి పట్టుకుని కూర్చుంది. కాళ్ళు పీకుతున్నాయి, లేచి పరుగెత్తమని ఒళ్ళంతా పోరుతోంది. పళ్ళు బిగబట్టి కూర్చుంది. జమ్ములమ్మ ఆమె వైపు చూడకుండా, కొంగు మాత్రం ఆమె నెత్తిమీదికి జరిపింది.

పిట్ట వచ్చింది. దూరంగా గడ్డిలో ముందు మెడ కనిపించింది. నాలుగడుగులు వేసి ఆగింది, చూసింది, మళ్ళీ నాలుగడుగులు వేసింది. అది గడ్డి వైపే నడుస్తోంది. గడ్డిలోనే ఆగు తల్లీ, గడ్డిలోనే కూర్చో అని కృప లోలోపల బతిమాలుకుంది. అది గడ్డి దాటింది. దున్నిన నేల మీదికి వచ్చి చాళ్ళ నడుమ ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఒకచోట నిలబడి ముక్కుతో మట్టి కదిలించింది. తర్వాత రెక్కలు సర్దుకుని మెల్లగా కూర్చుంది.

"కూసుంది! కూసుందే!" అని ఆడవాళ్ళు గుసగుసలాడారు. జమ్ములమ్మ కళ్ళు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పింది. అనంతయ్య మొహం విప్పారింది. "చూసినవా, నాగలి పక్క నుంచి పోయింది. గట్టి గుడ్డే! ఈరన్నా, ఇగ నువ్వు ఇంటికి పో. పిల్ల అయ్యేదాంక ఈ బీట్ల కాలు పెట్టేది లేదు."

దుర్భిణి కృప దగ్గరే ఉంది. పిట్ట పొట్ట పక్కన, చాలు అంచున, మట్టిరంగు పెంకు ముక్క ఒకటి బోర్లా పడి ఉంది. ఇంకొకటి వెల్లకిలా, లోపలి తెలుపు కనిపిస్తూ.

ఊరుకుంటే చాలు. ఎవరికీ తెలియదు. అమ్మ నవ్వుతోంది, పటేలు బీడు వదిలేస్తానన్నాడు. నిన్నటినుంచీ కృప చేసినవన్నీ చెప్పకుండా చేసిన పనులే. ఇంకొకటి చేయడానికి మనసొప్పలేదు.

"గుడ్డు లేదు పటేలా" అంది. "పలిగింది. పెంకులు కనబడుతున్నయి."

అందరి నవ్వులూ ఆగిపోయాయి. అనంతయ్య దుర్భిణి తీసుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు ఏం కనిపించిందో గాని, దించినప్పుడు మొహం వేరుగా ఉంది.

"మరి గదెందుకు కూసుంది?"

"దానికింక తెల్వదు."

జమ్ములమ్మ బిడ్డను దగ్గరికి లాక్కుంది. కృప వెక్కివెక్కి ఏడ్చింది, పిట్ట బెదరకుండా తల్లి కొంగు నోట్లో కుక్కుకుని. ఈరన్న లేచి బట్టలు దులుపుకున్నాడు. కాసేపు అటూ ఇటూ చూసి మెల్లగా అడిగాడు.

"గుడ్డే లేనంక... మిగిలింది దున్నాల్నా పటేలా?"

అనంతయ్య దున్నిన నేల మీద కూర్చున్న ఆ పిట్టనే చూస్తున్నాడు.

"ఆగుర" అన్నాడు. "దానికి తెలిసేదాంక ఉండనియ్యి."