గున్వోర్ నోట్లో క్రిమికి నామకరణం

"ఉమ్ము," అన్నాడు హోల్గర్ శనివారం పొద్దున్నే, గాజు గొట్టం పెళ్ళాం గడ్డం కింద పెట్టి.

గున్వోర్ ఇంకా కళ్ళు నులుముకుంటోంది. పళ్ళు తోమకూడదు, కాఫీ తాగకూడదు, ముందు ఉమ్మాలి. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో ఇదే సుప్రభాతం. ఆవిడకి ఇంతవరకు ఒక్క పన్నూ పుచ్చలేదు మరి. పళ్ళని పుచ్చబెట్టే క్రిముల్ని తరిమికొట్టే మంచి క్రిములు ఆవిడ నోట్లో కాపురముంటున్నాయి. స్వీడన్‌లోని ఉమియో ఊళ్ళో దంతవైద్య ప్రొఫెసరైన హోల్గర్ వాటిని పెంచి, బిళ్ళలు చేసి, బడిపిల్లల చేత చప్పరింపించాడు. వాళ్ళకి పుచ్చుపళ్ళు తగ్గాయి. ఇవాళ మధ్యాహ్నం పెద్దల సమక్షంలో ఆ క్రిమికి నామకరణం. ప్రయోగశాలలో దాచినవి కాస్తా ఫ్రిజ్ పాడై నిన్ననే చచ్చాయి. ఇవాళ సభలో చూపించాలన్నా, మళ్ళీ పెంచాలన్నా గున్వోర్ ఉమ్మే దిక్కు.

"మావాడి క్రిమి పేపర్లో పడిందే!" వంటింట్లో కాఫీ తాగుతూ అత్తగారు మార్తా మురిసిపోతోంది. "దానికి హోల్గర్ అనే పేరు పెడుతున్నారట. గున్వోర్, విందుకి చేప వండుతున్నావా, మాంసం ఉండలా?"

"రెండూనూ, అత్తయ్యా," అని మొగుడివైపు తిరిగింది గున్వోర్. "ఏమండీ ప్రొఫెసర్ గారూ, అది పుట్టింది నా నోట్లో కదా?"

హోల్గర్ నవ్వాడు. "నీ నోరు అది అద్దెకున్న ఇల్లు, అంతే. పిల్లాడికి ఎవరైనా అద్దింటి పేరు పెడతారా?"

గున్వోర్‌కి ఒళ్ళు మండింది. పిల్లల్ని కన్నది తను, వాళ్ళకి జ్వరమొస్తే సెలవు పెట్టింది తను, ఇద్దరికీ ఇంటిపేరు మాత్రం ఈయనది. పోనీలే అనుకుంది. స్వీడన్‌లో ఆడామగా సమానమని ప్రతి సభలోనూ చెప్పొచ్చి, నా చొక్కా ఎక్కడుందని అడుగుతాడు. అదీ పోనీలే అనుకుంది. పోనీలే పోనీలే అనుకుంటుంటే వ్యవహారం నోట్లో క్రిముల దాకా వచ్చింది! ఈయన నోట్లో చూస్తే సగం కట్టుడు పళ్ళే. అలాంటి మనిషి పేరు పెట్టుకుని ఆ క్రిమి ఊరేగాలా? సిగ్గుండక్కర్లా?

గొట్టం పక్కకి నెట్టి స్నానాలగదిలోకి నడిచింది. హోల్గర్ తన చిగుళ్ళ కోసం దాచుకున్న ఘాటు మందునీళ్ళ సీసా మూత తిప్పింది. అది నోట్లో మంచీచెడూ చూడకుండా అన్ని క్రిముల్నీ చంపేస్తుందని, నువ్వు ముట్టుకోవద్దని ఆయనే చెప్పాడు. వాసన తగలగానే పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యయ్యో, పుక్కిలించకు! నా పరువు పోతుంది! నీకేం కావాలో చెప్పు, నీకు పుణ్యముంటుంది!"

"దాని పేరేంటి?"

"గున్వోర్," అని గొణిగాడు.

ఆవిడ సీసా పెదాల దగ్గరే ఉంచుకుని, "గట్టిగా చెప్పు, మీ అమ్మకి వినపడాలి," అంది.