ముప్పై అయిదు రోజులు

సుమర్ని వాళ్ళమ్మ పోయింది కార్తీక పున్నమి మర్నాడు, బుధవారం. ఆ పున్నమికి చంద్రగ్రహణం పట్టింది. గ్రహణానికి తినే వస్తువుల్లో దర్భలు వెయ్యాలి గదా, ఈ పరాయి దేశంలో, పాసిర్ రిస్‌లో పదకొండో అంతస్తులో దర్భలెక్కడ దొరుకుతాయి? నిమ్మగడ్డి తుంచి పాలగిన్నెలోనూ ఆవకాయ జాడీ మీదా వేశాను. తెల్లారి ఆ గడ్డి ఏరి పారేస్తుంటే సుమర్ని ఫోను మోగింది. ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చెయ్యి సింకులో నీళ్ళ కింద అలాగే పెట్టి నిలబడిపోయింది. నేనే వెళ్ళి కుళాయి కట్టేశాను. మధ్యాహ్నానికల్లా అక్కడ పూడ్చిపెట్టేశారు. వాళ్ళలో ఆలస్యం చెయ్యరు. ఇక్కణ్ణుంచి బయల్దేరినా అందదు. అందుకని వెళ్ళనే లేదు.

సుమర్ని మా అమ్మాయి ఇంట్లోనే ఉండి పనిచేసే మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. జావా దీవి నడిమధ్య కొండల మీద ముప్పై గడపల ఊరు ఆమెది. మా అమ్మాయి అరుణశ్రీ బ్యాంకులో, అల్లుడు మహీధర్ కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తారు. మనవరాలు మహతి తొమ్మిదో తరగతి. ముగ్గురూ ఏడున్నరకి గడప దాటితే మళ్ళీ పొద్దు గూకాకే రావడం. అంతవరకూ ఇంట్లో మేమిద్దరమే. పక్కింటి చైనా ముసలాయన కారిడార్లో ఎదురుపడితే తలాడిస్తాడు, నేనూ ఆడిస్తాను. మూడేళ్ళుగా మా ఇద్దరి మాటా మంతీ అంతే. బాత్రూంలో ఒకసారి జారిపడ్డాక నన్ను ఒంటరిగా కిందికి దిగనివ్వడం మానేశారు.

ఇంక నేను మాట్లాడేది ఎవరితో? సుమర్నితోనే. ఆరేళ్ళు మా ఇంట్లో ఉండి తెలుగు పట్టేసింది. ఆమె మాటలు నాకో పదీ పన్నెండూ వచ్చాయి.

"అమ్మమ్మ రేడియో," అనేది బట్టలు మడతపెడుతూ. "పొద్దున ఆన్. ఆఫ్ బటన్ లేదు."

"నచ్చకపోతే సెవుల్లో దూది ఎట్టుకోయే."

"దూది వద్దు. పాట బాగుంది."

మా ఇద్దరివీ కొండ ఊళ్ళే. నేను కాపురానికి వెళ్ళింది చింతపల్లి కొండల మీదికి. మా ఆయన భద్రయ్య ఉప్పూ ఎండుచేపలూ కావడిలో వేసుకుని సంతలు తిరిగేవాడు. ఈవేళ ఈ ఊరి సంత, రేపు ఆ ఊరి సంత. ఆయన ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియాలంటే నాకు వారం తెలిస్తే చాలు. సుమర్ని ఊరి సంగతీ అదే, కాకపోతే వాళ్ళ సంతలు అయిదు రోజులకోసారి తిరుగుతాయి. ఆ అయిదు రోజులకీ పేర్లున్నాయి. లెగి, పాహింగ్, పోన్, వాగే, క్లివోన్. వారాలు ఏడూ ఒక చక్రం, సంతలు అయిదూ ఇంకో చక్రం. రెండూ పక్కపక్కనే తిరుగుతుంటాయి. ఈ సోమవారం పోన్ వచ్చిందంటే మళ్ళీ సోమవారమూ పోనూ కలిసేది ముప్పై అయిదు రోజులకి. ఎవరు పుట్టినా, ఎవరు పోయినా రెండూ కలిపే చెప్పుకుంటారు. వాళ్ళమ్మ పోయింది బుధవారం వాగే.

పోయినవాళ్ళకి వాళ్ళు ఏడో రోజు చేస్తారు, నలభయ్యో రోజు, వందో రోజు చేస్తారు. ఆఖరిది వెయ్యో రోజు. ఆవేళ ఊరందరికీ అన్నం పెట్టి సమాధి మీద రాయి నిలబెడతారు. అప్పటిదాకా ఉత్త మట్టిదిబ్బే. సుమర్ని ఏడో రోజుకీ వెళ్ళలేదు, నలభైకీ వందకీ కూడా వెళ్ళలేదు. ఆ రోజుల్లో వంటింట్లో ఓ మూల కూర్చుని కళ్ళు మూసుకునేది. "వెయ్యికి వెళ్తా అమ్మమ్మ. రాయి నా చెయ్యి పట్టాలి," అనేది.

ఆ రోజులు కన్నపిల్లలు లెక్కపెట్టకూడదని వాళ్ళింట్లో పట్టింపు. ఇంటి పెద్ద ఆడమనిషి లెక్కపెట్టి చెప్పాలి. వాళ్ళ పెద్దమ్మకి మతి తప్పింది. అందుకని నన్నడిగింది.

"అమ్మమ్మ లెక్క పెడతావా?"

నేను చదివింది మూడో తరగతి. అయినా తిథులు నా తలలోంచి పోవు. ఎవరి పెళ్ళి ఏ తిథినో, ఆవేళ పప్పులో ఉప్పు తక్కువైందని అలిగిందెవరో కూడా చెప్పగలను. "అలాగేలేయే," అన్నాను. ఎక్కడా గీత గియ్యలేదు. రోజుకొకటి తలలో వేసుకుంటూ వచ్చాను.

వెయ్యో రోజుకి వాళ్ళకో కొండగుర్తుంది. మనిషి పోయిన రోజునీ కలుపుకుని, ఆ వారం నించి ఆరో వారం, ఆ సంత నించి అయిదో సంత. బుధవారం నించి ఆరోది సోమవారం. వాగే నించి అయిదోది పోన్. కాబట్టి అది సోమవారం పోన్ అయి తీరాలి. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఏ సోమవారం పోన్ అన్నది మాత్రం రోజులు లెక్కపెట్టినవాళ్ళే చెప్పాలి.

రాయి నిలబెట్టాక తిరిగి రానని సుమర్ని ముందే చెప్పింది. బంగాళాదుంపల చేను అన్న ఒక్కడివల్లా కావడం లేదు, సుమర్ని కూతురికి నెలలు నిండుతున్నాయి. అరుణ ఒప్పుకుంది.

"కొత్తావిడ వచ్చేదాకా నిన్ను కింద సీనియర్స్ సెంటర్‌లో దింపుతాలే అమ్మా. టైమ్‌పాస్ అవుతుంది. బింగో ఆడిస్తారట."

"బింగో అంటే ఏటే?"

"నంబర్లు పిలుస్తారు. నీ కార్డు మీద ఉంటే కొట్టెయ్యడం."

నంబర్లు పిలిచేవాళ్ళు చైనా భాషలో పిలుస్తారు. నేను ఒకరోజు వెళ్ళి చూసొచ్చాను కూడా. నా కార్డు పక్కావిడే కొట్టిపెట్టింది. అందరూ నన్ను చూసి నవ్వారు, మంచి నవ్వే. ఒక్క మాట లేదు.

జ్యేష్ఠమాసంలో ఒక మధ్యాహ్నం సుమర్ని బొప్పాయి కోస్తూ అడిగింది. "అమ్మమ్మ, ఏ సోమవారం? మేడమ్ టికెట్ తియ్యాలి."

నాకు తెలుసు. శ్రావణ శుద్ధ దశమి, ఆగస్టు నాలుగు. నాలిక చివరే ఉంది. ఆవేళకి ఇంక రెండు నెలలు కూడా లేవు. ఆ తరవాత ఏడున్నరకి తలుపు పడితే ఈ ఇంట్లో ఎవరూ నాతో నువ్వు తిన్నావా అనరు, ఇంక నోరు ముయ్యమని కూడా అనరు.

"సెప్టెంబరు ఎనిమిది," అన్నాను. "భాద్రపద పున్నమి మర్నాడు. ఆ పున్నమికీ గ్రహణమేనే. గ్రహణం మర్నాడు పోయినాది, గ్రహణం మర్నాడే రాయి. చూసేవా మీ యమ్మ ఎంత గట్టిదో."

సుమర్ని కత్తి కిందపెట్టి వేళ్ళ కణుపులు చూసుకుంది. సోమవారమే. పోనే. చెయ్యి తుడుచుకుని వచ్చి నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. అది వాళ్ళు పెద్దవాళ్ళకి పెట్టే దణ్ణం.

ముప్పై అయిదు రోజులు. అంతే గదా, మట్టిలో ఉన్న మనిషికి తొందరేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. అరుణ సెప్టెంబరుకి టికెట్ తీసింది. సుమర్ని అన్నకి చెప్పింది, అన్న రాళ్ళు చెక్కేవాడికి చెప్పాడు. ఒక్క మాట నా నోట్లోంచి వెళ్ళి సముద్రం దాటి కొండెక్కి కూర్చుంది.

ఆషాఢమంతా ఆమె నన్ను మరీ కనిపెట్టుకుని ఉంది. నా తలకి కొబ్బరినూనె రాస్తూ వాళ్ళ ఊరి సంగతులు చెప్పేది. ఆగస్టులో చలికి మంచు గడ్డకట్టి దుంపల ఆకులు మాడిపోతాయట. మబ్బు ఇంట్లోకి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటుందట. అంతకుముందు ఇవన్నీ ఎంత ఇష్టంగా వినేదాన్నో. ఇప్పుడు వినలేక కునుకుపట్టినట్టు నటించేదాన్ని. ఆమె మెల్లిగా లేచి నా కాళ్ళ మీద దుప్పటి కప్పేది.

శ్రావణం వచ్చింది. నాగపంచమి వెళ్ళిన మర్నాడో ఆ మర్నాడో, గురువారం, వాళ్ళన్న వీడియోలో పిలిచాడు. వెనక పొగమంచు, దాంట్లో ఒక నున్నటి రాయి చూపించాడు. ఇంకా ఏమీ చెక్కలేదు. ఇద్దరూ వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. సుమర్ని నవ్వి నావైపు తిరిగింది.

"అన్న ఏం అంటాడు తెలుసా? వచ్చే సోమవారం కూడా పోన్. పక్కింటి తాత, ఇదే వెయ్యి అని గోల చేస్తాడట. నేను చెప్పా, తాతకి తొంభై, తల ఖాళీ. మా అమ్మమ్మ తల పుస్తకం. అమ్మమ్మ మర్చిపోదు."

అన్న ఫోనులోంచి నాకు రెండు చేతులూ జోడించాడు. ఏదో అన్నాడు.

"థ్యాంక్స్ చెప్తాడు. మా అమ్మని లెక్క పెట్టావు అని."

నేను తలాడించాను. పక్కింటి చైనా ఆయనకి ఆడించినట్టు.

మర్నాడు రెండో శ్రావణ శుక్రవారం. దీపం పెట్టి నిలబడ్డాను. దణ్ణం పెట్టుకోడానికి చేతులు రాలేదు. సుమర్ని బట్టలు ఆరేసే గడలు కిటికీలోంచి బయటికి తోస్తోంది. తడిబట్టలతో ఆ గడ ఎంత బరువో, తొయ్యడం అయ్యేదాకా ఆగాను.

"సుమర్నీ. తాత సెప్పిందే నిజం."

"ఏ తాత?"

"మీ పక్కింటి తాత. ఎల్లుండి దాటి సోమవారం. అదేనే వెయ్యి."

ఆమె నవ్వబోయి ఆగింది. "అమ్మమ్మ లెక్క తప్పా?"

తప్పు అనేస్తే సరిపోయేది. డెబ్భై రెండేళ్ళదాన్ని, ఎవరూ ఏమీ అనుకోరు. "తప్పు కాదే," అన్నాను. "నాకు ముందే తెల్సు."

"బోహోంగ్?" అంది. అబద్ధానికి వాళ్ళ మాట. మహతి చదువుకోకుండా చదివానన్నప్పుడు వేలు చూపించి నవ్వుతూ అనే మాట. ఇప్పుడు నవ్వు లేదు.

"అవునే. నువ్వెల్లిపోతే నానెవుత్తెతో మాటాడతాను సెప్పు? ముప్పై అయిదు రోజులు ఉంటావని..."

గడకి బట్టలు జారకుండా పెట్టే క్లిప్పులు సుమర్ని చేతిలో ఉన్నాయి. అవి ఒక్కొక్కటే బుట్టలో వేసింది.

"అమ్మమ్మకి మాట రోజూ ఉంది," అంది. "నాకు అమ్మ వెయ్యి ఒక్కసారే."

లోపలికి వెళ్ళి అరుణకి ఫోను చేసింది. అరుణ ఆఫీసు మధ్యలో వదిలి వచ్చింది.

"ఏంటమ్మా ఇది? సెప్టెంబర్ అన్నారు, టికెట్ బుక్ చేశాను, నెక్స్ట్ ఫ్రైడే వరలక్ష్మీవ్రతానికి ఇరవైమందిని పిలిచాను! సుమర్నీ, ఆర్ యూ ష్యూర్?"

సుమర్ని నేల చూస్తూ అంది. "సోమవారం మేడమ్. అమ్మమ్మ మళ్ళీ లెక్క పెట్టింది."

"మళ్ళీ లెక్కా లేదు, ఏటీ లేదు," అన్నాను. "దాని తప్పేటీ లేదే అమ్మాయ్. నానే కావాలని సెప్పాను అలాగ."

అరుణ నా పక్కన కూర్చుని వీపు నిమిరింది. "ఊరుకో అమ్మా. వయసు కదా, మర్చిపోయుంటావ్. దానికి కావాలని అనడం ఎందుకు?"

"మర్సిపోలేదే! నాకు తెల్సుండే..."

"సరే సరే. బీపీ తెచ్చుకోకు." అప్పటికే ఫోనులో టికెట్లు వెతుకుతోంది. మంచి పిల్ల నా కూతురు. వ్రతం సంగతి ఇంకెత్తలేదు. ఆదివారం పొద్దుటి విమానం దొరికింది. అక్కణ్ణుంచి బస్సు, బస్సు దిగి చిన్న బండి. చీకటి పడకముందే కొండెక్కెయ్యచ్చు.

శనివారమంతా సుమర్ని సామాను సర్దుకుంది. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో అరుణకి చూపించింది. నా మాత్రలు వారాల డబ్బాలో సర్దిపెట్టింది. "మకాన్ దులు," ముందు తిను, అని రోజూ నన్ను కసిరేది. ఆవేళ కంచం నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. నేనూ నా నోటి రేడియో కట్టేశాను. అడిగినవాళ్ళెవరూ లేరు.

ఆదివారం గుమ్మంలో మహతిని కావలించుకుని ఏడ్చింది. అరుణకి చేతులు పట్టుకుని చెప్పింది. నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. పెద్దవాళ్ళకి చెయ్యాల్సింది చేసింది. నా మొహం వైపు చూడలేదు. లిఫ్టు దాకా మహీధర్ పెట్టె లాక్కుంటూ వెళ్ళాడు. చక్రాల చప్పుడు కారిడార్ చివరిదాకా వినిపించింది.

సోమవారం అరుణ ఇంట్లోంచే పనిచేసింది. గది తలుపు వేసుకుంటే లోపల మీటింగులు, బయట నేను. కిటికీ దగ్గర కూర్చుంటే చాంగీకి దిగే విమానాలు ఒకటి తరవాత ఒకటి కనిపిస్తాయి. చేరిందో లేదో. ఏ గంటకి రాయి ఎత్తుతారో అడిగి ఉంచుకోలేదు. ఒకవేళ మధ్యాహ్నమైతే ఈపాటికి అన్నాలు వడ్డిస్తుంటారు. ఒకవేళ సాయంత్రమైతే ఇంకా మట్టే ఉంటుంది. ఎవరూ ఫోను చెయ్యలేదు.

మంగళవారం బడి నించి వచ్చాక మహతి ఫోను చూసి అరిచింది. "అమ్మమ్మా, సుమర్ని ఆంటీ మెసేజ్! ఫ్యామిలీ గ్రూప్‌లో."

"ఏటన్నాదే? సదువు."

"సండే ఈవినింగే రీచ్ అయిందట. నిన్న స్టోన్ పెట్టారట, తనే పట్టుకుందట. థ్యాంక్యూ మేడమ్, థ్యాంక్యూ సర్. మహతీ, బాగా చదువుకో. పేరు చెక్కడానికి టైమ్ లేదట, ప్లెయిన్ స్టోనే పెట్టారు. నేమ్ తర్వాత చేస్తారట."

"ఇంకా?"

"అంతే."

"మళ్ళీ సదువు తల్లీ."

మళ్ళీ చదివింది. పేరు లేని రాయి. ముప్పై అయిదు రోజుల తరవాత కావాలని చెప్తే, రాళ్ళు చెక్కేవాడు ఇప్పటికి ఎలా చెక్కుతాడు మరి?

"నాను సెప్పింది రాస్తావా? పేరు సెక్కాక నాకు ఒక్క ఫోటో పంపించమను. అమ్మమ్మ అడిగిందని రాయి."

మహతి టకటకా కొట్టింది. ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం.

"చూసేసింది అమ్మమ్మా. బ్లూ టిక్." కాసేపాగి, "టైప్ చేస్తోంది," అంది.

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. నాకు చదవడం రాని ఆ చిన్న అక్షరాలు పైన కదిలాయి. తరవాత కదలడం ఆగింది.

"ఆపేసింది."

"ఉండు, మళ్ళీ కొడతాదేమో."

ఉన్నాం. మహతి గోడ గడియారం వైపు రెండుసార్లు చూసింది. "అమ్మమ్మా, నాకు ట్యూషన్ టైమ్ అయిపోయింది. ఫోన్ తీసుకెళ్ళాలి."

"ఎల్లు తల్లీ," అన్నాను.